వెనుక వరుసను చూడండి

(హనుమకొండలో కళాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గోల్కొండను ఏలినవాళ్ల పేర్లు చెప్పమంటే మీలో చాలామంది కులీ దగ్గర మొదలుపెట్టి తానీషా దాకా గడగడా చెప్పేస్తారు. దుగ్మంత అనే రాజు పేరు మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన పుట్టింది రష్యాలో మరి! 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెతిపా అనే నృత్య దర్శకుడు ‘లా బయదేర్’ అనే బ్యాలేను, అంటే మాటల్లేకుండా నాట్యంతోనే కథ చెప్పే పాశ్చాత్య ప్రదర్శనను, రంగస్థలం ఎక్కించాడు. గుడిలో నాట్యం చేసే నికియా, ఆమెను ప్రేమించిన వీరుడు సోలోర్, అతనికి తన కూతురిని కట్టబెట్టాలని చూసే ఈ గోల్కొండ రాజుగారు, ఆ నర్తకి మీద కన్నేసిన ప్రధాన పూజారి, చివరికి పూలబుట్టలో పాము. కథ ఇదే. గుడి ముందు ఫకీర్లు నిప్పు చుట్టూ గెంతుతారు. గుడి ముందు ఫకీర్లకు ఏం పని అని అడగకండి. పెతిపా మన దేశం ముఖం చూసినవాడు కాదు.

ఇంత తప్పుల తడక కథను పట్టుకుని హనుమకొండ దాకా ఎందుకు తెచ్చావని మీరు అడగవచ్చు. ఆ బ్యాలేలో ఒక ఘట్టం ఉంది. నర్తకి చనిపోయాక సోలోర్ దుఃఖం భరించలేక నల్లమందు పీలుస్తాడు. ఆ మత్తులో అతనికి ఛాయల లోకం, అంటే చనిపోయినవారి నీడల లోకం, కనిపిస్తుంది. రంగస్థలం వెనుక చీకట్లో ఒక ఏటవాలు దారి. దాని మీదికి తెల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి వస్తుంది. ఒంటికాలి మీద నిలిచి ముందుకు సాగుతుంది, రెండో కాలు వెనక్కి లేస్తుంది. తర్వాత వెనక్కి వాలి, చేతులు పైకెత్తి, రెండడుగులు వేస్తుంది. ఆమె వెనుక ఇంకో అమ్మాయి. అదే కదలిక. ఆ వెనుక ఇంకొకరు. కొన్ని బృందాల్లో ఇరవై నలుగురు, కొన్నింటిలో ముప్పై ఇద్దరు, ఒక్కొక్కరే దిగుతూ మెలికలుగా రంగస్థలమంతా నిండిపోతారు. కొత్త అడుగు అంటూ ఏదీ లేదు. ఉన్న ఒక్కటే మళ్లీ మళ్లీ. అందరికంటే ముందు వచ్చిన అమ్మాయి ఆ అడుగును అందరికంటే ఎక్కువసార్లు వేయాలి. వాలు మీద, మసక వెలుతురులో, మోకాలు వణకకుండా వేయాలి. ఆ అమ్మాయి పేరు కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండదు. ఆమె ఒక్కసారి తూలితే మాత్రం ఆ ఛాయల లోకం అక్కడికక్కడే కూలిపోతుంది.

నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఒక ప్రదర్శన మంచిదో కాదో తేల్చుకోవాలంటే నేను నాయికను చూడను, వెనుక వరుసను చూస్తాను. నాయిక ఎలాగూ బాగానే చేస్తుంది, అందుకేగా ఆమె నాయిక అయింది. వెనుక వరుస బాగుందంటే ఆ బృందానికి గురువు ఉన్నాడని అర్థం, సాధన ఉందని అర్థం, వాళ్లకు వేళకు జీతం అందుతోందని కూడా బహుశా అర్థం.

నేను కాజీపేటలో రైల్వే గుమస్తాగా పనిచేసినవాడిని. బ్యాలేకూ నాకూ చుట్టరికం ‘సోవియట్ భూమి’ పత్రిక కలిపింది. ఆ రోజుల్లో అది మన ఊళ్లలో చాలా ఇళ్లకు వచ్చేది. నున్నటి కాగితం కాబట్టి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లం. ట్రాక్టర్ల బొమ్మలు లెక్కల పుస్తకానికి, బ్యాలే బొమ్మలు తెలుగు వాచకానికి. ఆ తర్వాత ఉద్యోగం, ఉద్యోగంతో పాటు పాసు. రైల్వే పాసుతో తీర్థయాత్రలు చేసినవాళ్లు మా ఆఫీసులో బోలెడుమంది. నేను దాన్ని నృత్యం చూడడానికి వాడుకున్నాను. రెండిటికీ పెద్ద తేడా లేదని మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోరు.

ముంబయికి ఒక రష్యన్ సంచార బృందం వచ్చినప్పుడు ‘స్వాన్ లేక్’, అంటే హంసల కొలను, అనే బ్యాలే చూశాను. చైకోవ్‌స్కీ సంగీతం రికార్డు వేశారు, వాద్యబృందం లేదు. హంసల సంఖ్య తగ్గించారు. తెరలు నలిగిపోయి ఉన్నాయి. అయినా రెండో అంకంలో ఆ ఉన్న హంసలు రెండు పక్కలా వరుస కట్టి నిలబడ్డాయి చూడండి, నేను మధ్యలో జరుగుతున్న యుగళ నృత్యాన్ని వదిలేశాను. నాయికా నాయకులు నాట్యం చేస్తున్నంతసేపూ వాళ్లు కదలకూడదు. ఒక పాదం ముందుకు చాచి, తల ఒక పక్కకు వంచి, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నిలబడాలి. అరగంట నడవడం కంటే ఐదు నిమిషాలు అలా నిలబడడం కష్టం. పిక్కలు పట్టేస్తాయి. ఎడమ వైపు చివరి అమ్మాయి మడమ దగ్గర కండరం చర్మం కింద తీగలా కొట్టుకోవడం నాకు బైనాక్యులర్‌లో కనిపించింది. పైన ముఖంలో మాత్రం ఏమీ లేదు.

ఈ స్వాన్ లేక్ 1877లో మాస్కోలో మొదటిసారి ఆడినప్పుడు ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. చైకోవ్‌స్కీ పోయాక 1895లో పెతిపా, ఆయన సహాయకుడు లెవ్ ఇవానోవ్ కలిసి మళ్లీ కట్టారు. ఈ తెల్ల హంసల ఘట్టాలు ఇవానోవ్‌వి. పేరు పెతిపాకు ఎక్కువ వచ్చింది. చూశారా, వెనుక వరుస కష్టాలు నృత్య దర్శకులకూ తప్పవు. ఇంకో సంగతి. 1991 ఆగస్టులో మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ మీద కుట్ర జరిగిన రోజు, సోవియట్ టీవీ వార్తలు చెప్పడం మానేసి ఇదే స్వాన్ లేక్‌ను వేసింది. అప్పటినుంచి టీవీలో హంసలు కనిపిస్తే పైన ఏదో జరిగిందని అక్కడివాళ్లు జోకులు వేసుకుంటారట.

బ్యాలే నర్తకి తొడుక్కునే జోడు గురించి కూడా చెప్పాలి. వేళ్ల కొనల మీద నిలబడతారు కదా, లోపల ఇనుము ఉందనో చెక్క ఉందనో చాలామంది అనుకుంటారు. వేళ్ల చుట్టూ ఉండే గట్టి భాగం గుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా అంటించి ఆరబెట్టింది. చెమటకు మెత్తబడిపోతుంది. పెద్ద పాత్ర వేసే నర్తకికి ఒక జత ఒక్క ప్రదర్శనకే చెల్లిపోవచ్చు. రిబ్బన్లు ఎవరివి వాళ్లే కుట్టుకుంటారు. కొత్త జోడును నేలకేసి బాదుతారు, అడుగు చప్పుడు తగ్గడానికి. ఎంత పద్ధతి తేడా ఉందో గమనించండి. మన నర్తకి అడుగు వినపడాలి, అందుకే గజ్జె కడుతుంది. వాళ్ల అడుగు వినపడకూడదు. నేల మన వాళ్లకు తాళం వేసే వాద్యం, వాళ్లకు వదిలించుకోవాల్సిన బరువు. ఇందులో ఏది గొప్ప అని నన్ను అడగవద్దు. ఆ పంచాయితీ నాకు ఇష్టం లేదు.

‘ఇది మన కళ కాదు కదా’ అనేవాళ్లకు ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 1838లో పుదుచ్చేరి దగ్గర తిరువేందిపురం నుంచి దేవదాసీలు పారిస్ వెళ్లి నాట్యం చేశారు. వాళ్లలో అమానీ అనే ఆమెను చూసి తియోఫిల్ గోతియే అనే రచయిత మురిసిపోయి రాశాడు. మూడేళ్ల తర్వాత ‘జిజెల్’ బ్యాలేకు కథ సమకూర్చినవాళ్లలో ఆయన ఒకడు. 1923లో రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్‌లోవా లండన్‌లో రాధగా, మన నర్తకుడు ఉదయ్ శంకర్ కృష్ణుడిగా ఒకే వేదిక మీద కనిపించారు. తర్వాత భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలే. నీ దేశపు నాట్యం వైపు చూడమని ఆమెకు చెప్పింది ఆ పావ్‌లోవాయే. రాకపోకలు అప్పుడే ఉన్నాయి. ఇప్పుడు మనం కొత్తగా గోడ కట్టుకోనక్కర్లేదు.

సరే, మన ఊరికి వద్దాం. ఇక్కడినుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో పాలంపేట. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు, సంతోషమే. కానీ చాలామంది చేసేది ఏమిటంటే, చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాల్లో ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న ఆమె ఎవరో అడిగి, ఆమెతో ఫోటో దిగి, స్తంభం మీద కొడితే స్వరం పలుకుతుందని గైడు చూపిస్తే విని, చెరువు వైపు వెళ్లిపోతారు. మదనికలు నాయికలు. నేను కాదనను. కానీ లోపలికి వెళ్లి రంగమండపం నాలుగు స్తంభాలను, పైన దూలాలను తలెత్తి చూడండి. జానెడు ఎత్తు కూడా లేని మనుషులు వరుసలు వరుసలుగా ఉంటారు. మద్దెల వాయించేవాడు ఒళ్లంతా వంచి వాయిస్తుంటాడు. పక్కనున్న నర్తకి మోకాలు ఆ దెబ్బకే వంగినట్టు ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లుగా వాళ్లలో ఒక్కరూ తాళం తప్పలేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూడవలసింది వాళ్లను.

గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, జాయప సేనాని 1253-54 ప్రాంతంలో ‘నృత్త రత్నావళి’ రాశాడు. ఏనుగులను నడిపేవాడికి పాదం ఎక్కడ పడాలన్న పట్టింపు ఉండడం నాకు భలే నచ్చుతుంది. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం చెప్పిన మార్గ నృత్తానికి, తర్వాతి నాలుగు దేశికి. అంటే సగం పుస్తకం జనం ఆడుకునే ఆటలకు ఇచ్చాడు. పేరిణి ఉంది, గొండలి ఉంది, కర్రలు పట్టుకుని గుంపుగా ఆడే దండరాసకం ఉంది. చివరి అధ్యాయంలో ప్రదర్శన ఏ వేళ పెట్టాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ముఖ్య అతిథిని ఎలా ఆహ్వానించాలి అనే సంగతులు కూడా చర్చించాడు. కాబట్టి ముఖ్య అతిథి బెడద మనకు కాకతీయుల కాలం నుంచీ ఉంది. (నవ్వులు) ఆ పుస్తకాన్నీ ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవాన్ని మళ్లీ నిలబెట్టారు. పేరిణి చూసేటప్పుడు కూడా నా అలవాటు మానను. ముందున్న యువకుడి కళ్లు ఎర్రబడడం అందరూ చూస్తారు. వెనుక ఉన్న నలుగురూ గెంతి ఒకేసారి దిగారా లేదా? నాలుగు చప్పుళ్లు వినిపించాయా, ఒకటే వినిపించిందా? ఒకటే వినిపిస్తే కూర్చోండి. నాలుగు వినిపిస్తే టీ తాగడానికి వెళ్లవచ్చు.

ఇప్పుడు కొంచెం కోపంగా మాట్లాడతాను, క్షమించండి. మన సభల్లో నాట్యం ఎలా జరుగుతుంది? ఆహ్వానపత్రంలో ఆరు గంటలు. జ్యోతి వెలిగించడం ఏడుకు. ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. నేను చూసిన ఒక సభలో నాట్యం మొదలయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. అంతవరకూ పిల్లలు అలంకారం చెదరకుండా, నీళ్లు తాగితే పెదాల రంగు పోతుందని తాగకుండా, మెట్ల మీద కూర్చున్నారు. అతిథుల మీద చల్లిన బంతి రెక్కలు వేదిక నిండా ఉన్నాయి. దీపపు కుందె దగ్గర నూనె ఒలికింది. నున్నటి రాతి నేల, దాని మీద ముడతలు పడ్డ తివాచీ. మొదటి పాటలోనే వెనుక వరుసలో ఒక అమ్మాయి జారింది. పడలేదు, చెయ్యి ఆనించి లేచి అందుకుంది. తెర వెనక్కి వెళ్లాక తడిగుడ్డతో పాదాలు తుడుచుకుని, ఒక పూరేకును కాలివేళ్ల సందులోంచి తీసి పారేసి, మళ్లీ వచ్చింది. ముందు వరుస సోఫాల్లో ఆ సంగతి గమనించినవారు లేరు. ఎందుకంటే అప్పటికి ఆ సోఫాలు ఖాళీ. శాలువాలు అందుకున్నవారు వెళ్లిపోయారు.

బ్యాలే వాళ్లు నేలకు ఎంత మర్యాద ఇస్తారో చూడండి. చెక్క పలకల కింద ఖాళీ వదిలి, అడుగు పడితే కొద్దిగా ఒదిగేలా కడతారు. జారకుండా ఒక పెట్టెలో పైన్ చెట్టు జిగురు పొడి పోసి ఉంచుతారు, వేదిక ఎక్కే ముందు అందులో జోడు అద్దుకుంటారు. మన పిల్లలు సిమెంటు మీదా గ్రానైటు మీదా పాదాలు బాది, చిన్న వయసులోనే మోకాళ్ల నొప్పులు తెచ్చుకుంటున్నారు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాదిరాయి పడింది, 2024లో తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్లు ఎదురుచూశాం. ఇక అక్కడ ప్రదర్శన ఏర్పాటు చేసేవారికి నా మనవి ఒక్కటే. సన్మానం పెట్టుకోండి, కానీ నాట్యం అయ్యాక పెట్టుకోండి. అప్పుడు ఎవరు ఉంటారో చూద్దాం.

టికెట్టు కూడా పెట్టండి. యాభై రూపాయలైనా సరే. ఉచిత ప్రవేశం అన్నచోట మనిషి మధ్యలో లేచి వెళ్లడానికి సంకోచించడు. డబ్బు పెట్టినవాడు నచ్చకపోతే తిట్టుకుంటూనైనా కూర్చుంటాడు. తిట్టుకుంటూ కూర్చున్నవాడికి ఏదో ఒక క్షణంలో నచ్చే అవకాశం ఉంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. బ్యాలేకు ముందు వరుస టికెట్టు కొనడం డబ్బు దండగ. పాదాలు కనిపిస్తాయి, ఆకారం కనిపించదు. పై బాల్కనీలో చవక టికెట్టు కొనుక్కుంటే, వరుసలు ముగ్గులా విప్పుకోవడం కనిపిస్తుంది. కూచిపూడికి దగ్గరగా కూర్చోవాలి. సత్యభామ అలక కనుబొమ్మలో ఉంటుంది, అది బాల్కనీ దాకా రాదు. డోలు వాయిస్తూ, పాడుతూ చెప్పే ఒగ్గుకథకు మాత్రం కుర్చీ పనికిరాదు, నేల మీద కూర్చోవాలి. చుక్క సత్తయ్యగారు, మిద్దె రాములుగారు మన జిల్లాల చుట్టుపక్కల పెంచిన కళ అది. ప్రధాన కథకుడు అందరికీ కనిపిస్తాడు. పక్కన వంత పాడేవాడిని చూడండి. భుజం మీది కండువా తీసి నెత్తిన కప్పుకుంటే ముసలమ్మ, నడుముకు బిగిస్తే గొర్ల కాపరి, మళ్లీ భుజాన వేసుకుంటే వంతగాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే కథ కుంటుతుంది. ఇంత విద్య ఉన్న ఒగ్గు డోలు బృందాన్ని మనం ఎక్కడ నిలబెడుతున్నాం? సభా ప్రాంగణం గేటు దగ్గర, ఎండలో, కారు దిగే అతిథి ముందు వాయించడానికి. లోపల వేదిక మీద వాళ్లకు పది నిమిషాలు ఉండవు.

చిందు యక్షగానం కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు జనగామ ప్రాంతమంతా పండుగ చేసుకుంది. వార్త చదివినవారిలో ఒక రాత్రి పూర్తిగా కూర్చుని చిందు చూసినవారు ఎందరో చేతులెత్తమంటే నాకు భయం. అందుకే అడగడం లేదు.

ఇక రికార్డుల పిచ్చి. వెయ్యిమంది, ఐదువేలమంది పిల్లలను మైదానంలో నిలబెట్టి ఒకే పాటకు నాట్యం చేయిస్తారు, గిన్నిస్ అంటారు. అక్కడ ఉన్నదంతా వెనుక వరుసే కదా, నీకు నచ్చాలి కదా అని ఒక మిత్రుడు నన్ను ఎత్తిపొడిచాడు. నచ్చదు. ఛాయల లోకంలో ముప్పై ఇద్దరికి నెలల తరబడి ఒక గురువు ఒక్కొక్కరి మోకాలు సవరించి ఉంటాడు. మైదానంలో ఐదువేలమందిని సవరించేది ఎవరు? అక్కడ లెక్కపెడతారు, అంతే. తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని, సర్టిఫికెట్టు ఇచ్చి పంపుతారు. బతుకమ్మ చుట్టూ మీ వీధిలో పదిహేనుమంది ఆడవాళ్లు ఒకే చప్పట్ల మీద తిరిగితే అందులో ఎక్కువ నాట్యం ఉంది. పెద్దావిడ ఒకరు వంగలేక వంగుతుంటే మిగిలినవాళ్లు ఆమె కోసం వలయాన్ని కొంచెం నెమ్మది చేస్తారు. ఏ గురువూ నేర్పని వరుస అది.

గోండుల గుస్సాడీ నాట్యం చూడాలంటే ఆదిలాబాద్ వైపు వెళ్లండి. దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారీ పండుగ జరుగుతుంది. మర్లవాయికి చెందిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. వేదికల మీద ఐదు నిమిషాల గుస్సాడీ చూసి అదే గుస్సాడీ అనుకోవద్దు. గూడెంలో అది దీక్ష, పూజ. నెమలి ఈకల కిరీటాన్ని కూడా పూజించి పెట్టుకుంటారు. మీరు అక్కడ ప్రేక్షకులు కారు, అతిథులు. గూడెం పెద్ద అయిన పటేలును అడగకుండా ఫోను పైకెత్తకండి. కాలం, స్థలం వాళ్లవి. మీ బస్సు టైం కోసం వాళ్లు ఆగరు, ఆగకూడదు కూడా.

బస్సు అంటే గుర్తుకొచ్చింది. హైదరాబాద్‌లో ప్రదర్శనకు వెళ్లాలంటే మనకు రానూ పోనూ దాదాపు 300 కిలోమీటర్లు. రవీంద్రభారతిలో సగం ప్రదర్శన చూసి రైలు కోసం పరుగెత్తినవాళ్లు ఈ గదిలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. రాత్రి ఉండడానికి చుట్టాల ఇల్లు చూసుకుని వెళ్లండి, లేదా మధ్యాహ్నం ప్రదర్శనలకే వెళ్లండి. పరుగులో చూసినది ఒంటబట్టదు.

చివరిగా ఒక ఏర్పాటు గురించి. వచ్చే నెల రెండో ఆదివారం రామప్పకు వెళదామని అనుకుంటున్నాం. పొద్దున్నే బయలుదేరితే ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర తిరిగి, ఎండ ఎక్కకముందే చేరతాం. గుడి తూర్పు ముఖం కాబట్టి ఆ వేళకు వెలుతురు మనవైపే ఉంటుంది. బైనాక్యులర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లకు నాది ఇస్తాను, వంతుల ప్రకారం. మొదటి గంట ఫోటోలు లేవు, ఇది షరతు. భోజనం ఎవరి డబ్బా వారిదే, చెరువు కట్ట మీద కూర్చుని తిందాం. పేర్లు ఇవ్వాలనుకునేవారు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్న నోటుబుక్కులో రాయండి. బస్సు ఖర్చు పంచుకోవాలి కాబట్టి, రాసినవారు తప్పకుండా రావాలి.